పంతులమ్మగారి లంక

తాడేపల్లిగూడెము నుండి ఏలూరు మీదుగా కొల్లేటి లంకలకు వెళ్ళి రావడము పెద్ద ప్రయాణమేమి కాదు. తెల్లవారుజామున బయలుదేరితే రాత్రి భోజనమువేళకు ఇంటికి చేరుకోవచ్చు. యెరూషలేము, బేత్లెహేము చూచి వచ్చినవారి యాత్రలు చదివిన మీకు ఇది చిన్నదిగానే కనిపిస్తుంది. అయితే మేము వెళ్ళిన పని మాకు పెద్దది. ఆ పని ఏమిటో ముందుగా చెప్పాలి.

మా సంఘ స్త్రీల సమాజము పక్షమున మా పట్టణములోని ఒక పేటలో రెండేళ్ళ క్రిందట ఆడపిల్లలకు సాయంకాలపు బడి పెట్టాము. ఆ పేట తల్లులలో చాలమంది ఉల్లిపాయల మార్కెట్టులో కూలికి వెళ్తారు. వారు ఇల్లు చేరేసరికి చీకటి పడుతుంది. అంతవరకు పిల్లలు ఒంటరిగా ఉంటున్నారని, చదువులో వెనుకబడుతున్నారని మాకు భారము కలిగింది. చాపలు కొన్నాము. పలకలు, నోటు పుస్తకాలు, పెన్సిళ్ళు కొన్నాము. ప్రారంభమునాడు 23 మంది పిల్లలు వచ్చారు. ఫోటో కూడ తీయించుకున్నాము. దసరా సెలవుల తరువాత 14 మంది, క్రిస్మసు అయ్యాక ఆరుగురు. రెండవ ఏట బిస్కట్లు పెట్టాము. బిస్కట్లు ఉన్నరోజు వచ్చారు, లేనిరోజు రాలేదు. ఇక కమిటీలో మాటలు పెరిగాయి. వాళ్ళకు చదువు విలువ తెలియదని ఒకరు, ఎందుకొచ్చిన గొడవ, ఆ డబ్బుతో గుడికి ఫ్యాన్లు కొందామని ఒకరు. బడి మూసివేద్దామని తీర్మానము వ్రాయబోతుండగా మా పాస్టరమ్మగారు అడ్డుపడ్డారు. కొల్లేటి లంకలో ఒక రిటైరైన పంతులమ్మగారు 80 ఏళ్ళ వయస్సులో సాయంకాలపు బడి నడుపుతున్నారని, 2006 నుండి అది ఆగలేదని, చూచి వచ్చిన తరువాత మూయదలిస్తే మూయండని అన్నారు.

అలాగున సంక్రాంతి వెళ్ళిన తరువాత ఒక శనివారము ఉదయము మేము ఐదుగురము తాడేపల్లిగూడెము స్టేషనులో ప్యాసింజరు ఎక్కాము. చలిగా ఉంది. రెండవ ప్రపంచ యుద్ధకాలములో విమానాలు దిగడానికి వేసిన రన్‌వే మా పట్టణములో ఇప్పటికీ ఉందని మీలో చాలమందికి తెలుసు. ఆ యుద్ధపు రోజుల కథలు ఒక అక్క మొదలుపెట్టేసరికి చేబ్రోలు దాటాము. పూళ్ళ, భీమడోలు వచ్చేసరికి పొలాలమీద మంచు విడుతోంది. దాళ్వా నాట్లు అప్పుడే పూర్తయినట్లున్నాయి.

మాతో వచ్చినవారిలో ఒకరు ఇంగ్లీషు లెక్చరరు. మేమందరము ఆమెను లెక్చరరక్క అంటాము. ఆమె సంచిలో ఒక పుస్తకము ఉంది. బడులను గూర్చి ఒక నల్లజాతి అమెరికా స్త్రీ వ్రాసినది. ఆమె పేరు బెల్ హుక్స్. కెంటకీ రాష్ట్రములో హాప్కిన్స్‌విల్ అనే చిన్న ఊరిలో 1952లో పుట్టారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు గ్లోరియా జీన్ వాట్కిన్స్. పుస్తకాలు వ్రాసే రోజు వచ్చినప్పుడు తన తల్లికి అమ్మమ్మ అయిన ఆమె పేరును తన కలము పేరుగా పెట్టుకున్నారు. ఆ ముసలమ్మ ఎవరికీ జడవక మాట్లాడే మనిషని ఇంట్లో చెప్పుకునేవారట. ఆ పేరును పెద్దక్షరాలతో కాక చిన్నక్షరాలతోనే వ్రాసుకునేవారు, చూడవలసినది పుస్తకములోని మాటలనే గాని వ్రాసినవారిని కాదని. మన తెలుగులో పెద్దక్షరాలు చిన్నక్షరాలు లేవు కాబట్టి ఆ సంగతి మాకు అర్థము కావడానికి కొంతసేపు పట్టింది.

ఆమె చిన్నతనములో ఆ ఊరిలో నల్లపిల్లలకు ఒక బడి, తెల్లపిల్లలకు ఒక బడి. నల్లపిల్లల బడికి బూకర్ టి. వాషింగ్టన్ గారి పేరు పెట్టారు. అందులో ఉపాధ్యాయులు ఇంచుమించు అందరూ నల్లజాతి స్త్రీలే. ఆ పంతులమ్మలకు ప్రతి పిల్ల తల్లిదండ్రులు తెలుసు, ఇల్లు తెలుసు, ఏ గుడికి వెళ్తారో తెలుసు. ఈ పిల్ల చదివి పైకి వస్తే మన జాతి అంతా ఒక మెట్టు ఎక్కినట్లే అనుకొని చదువు చెప్పేవారు. తరువాత, 1954లో అమెరికా సుప్రీం కోర్టు ఇచ్చిన తీర్పు వలన, వేరు బడులు పోయాయి. నల్లపిల్లలను బస్సులలో తెల్లవారి బడికి పంపించారు. న్యాయము జరిగింది గాని, ఆ బడిలో వారి ఇల్లు ఎరిగిన పంతులమ్మ లేదు. చెప్పినట్లు వినడమే అక్కడ చదువైపోయిందని, బడి అంటే తనకున్న సంతోషము పోయిందని ఆమె 1994లో వ్రాసిన ఈ పుస్తకములో చెప్పుకున్నారు. చెప్పే మనిషి తాను పెరగకుండ ఎదుటివారిని పెంచలేదని కూడ ఆమె అభిప్రాయము. చివరి సంవత్సరాలలో సొంత రాష్ట్రానికే తిరిగివచ్చి బెరియా కళాశాలలో పాఠాలు చెప్పి 2021 డిసెంబరులో కన్నుమూశారు. ఆ కళాశాలను బానిసత్వము ఇంకా ఉన్న రోజులలో, 1855లో, జాన్ ఫీ అనే ఒక పాదిరిగారు నల్లవారు తెల్లవారు కలిసి చదువుకోవాలని స్థాపించారు.

"ఆమె వ్రాసినవన్నీ మన నమ్మకానికి సరిపడవు. ఆ సంగతి ముందే చెప్తున్నాను" అన్నారు లెక్చరరక్క. మాలో ఒకరు, "అమెరికా సంగతి మనకెందుకక్కా, మన పిల్లలు బిస్కట్లకే రావడము లేదు" అన్నారు. అందరము నవ్వాము. ఇంతలో పవర్‌పేట వచ్చింది, తరువాత ఏలూరు.

ఏలూరులో బస్సుకు గంటన్నర సమయము ఉంది. కృష్ణ నీళ్ళు ఒక వైపునుండి, గోదావరి నీళ్ళు ఒక వైపునుండి కాలువలలో వచ్చి కలిసే ఊరు ఇది. తివాచీలకు పేరుపొందిన ఊరు. 2022 ఏప్రిలు 4 నుండి సొంత పేరుతో జిల్లా కూడ అయింది. మేము మాత్రము టీ త్రాగి, పాత మిషను బడుల వైపు నడిచాము. 1841లో రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ దొరలు మచిలీపట్నములో దిగిన తరువాత, 1850కి పైన కొద్ది సంవత్సరాలకే ఆ మిషనువారు ఏలూరుకు వచ్చారు. దొరల పేర్లు, వారు వచ్చిన తేదీలు పుస్తకాలలో ఉన్నాయి. వారితోపాటు పేటలు తిరిగి, వాకిళ్ళలో కూర్చొని, ఆడవారికి అక్షరాలు నేర్పిన బైబిలు స్త్రీల పేర్లు ఎన్ని ఉన్నాయి? పాత నివేదికలు చూస్తే చాలచోట్ల ఇంతమంది బైబిలు స్త్రీలు అని లెక్క ఉంటుంది, పేరు ఉండదు. మన అమ్మమ్మలలో, నాయనమ్మలలో అటువంటివారు ఉన్న కుటుంబాలు ఈ పత్రిక చదివేవారిలోనే ఎన్నో ఉండి ఉంటాయి.

ఒక మాట న్యాయముగా చెప్పాలి. 1912లో దోర్నకల్ బిషపు అయిన అజరయ్యగారు ఉపదేశకులను తయారుచేసేటప్పుడు వారి భార్యలకు కూడ చదువు తప్పనిసరి అన్నారు. ఆయన భార్య అన్బు అమ్మగారు ఆ స్త్రీల మధ్య పని చేశారు. ఊరిలో పంతులుగారి బడి ఎంతో, పంతులుగారి భార్య నడిపే వంటింటి బడి కూడ అంతేనని వారికి తెలుసు. వంటింటి బడులకు రిజిష్టర్లు లేవు, అంతే తేడా.

లెక్చరరక్క నడుస్తూ ఇంకొక పుస్తకము సంగతి ఎత్తారు. దళిత స్త్రీలు 1921 నుండి 2002 వరకు తెలుగులో వ్రాసినవాటిని గోగు శ్యామలగారు వెదకి, కూర్చి, 2003లో ఒక సంకలనముగా తెచ్చారు. దాని పేరు నల్లపొద్దు. నలుపు అనే మాటను తలవంచుకొని కాక తలెత్తుకొని వాడిన పేరు అది. మాలో కొందరికి ఆ పేరు నచ్చింది, ఒకరికి నచ్చలేదు. నచ్చని అక్క, మనము సంఘములో అందరము ఒకటే కదా, ఈ మాటలు ఎందుకని అన్నారు. ఆ మాటకు జవాబు మాకు ఆ రోజు మధ్యాహ్నము దొరికింది గాని, ఎవరము ఎదురుచూచిన విధముగా కాదు.

కైకలూరు బస్సు ఎక్కాము. ఏలూరు దాటిన కాసేపటికి రెండు ప్రక్కల చేపల చెరువులు మొదలయ్యాయి. చెరువు గట్లు, గట్లమీద కొబ్బరి మొక్కలు, కావలివారి పాకలు. పెదయెడ్లగాడి వంతెన దగ్గర నీళ్ళు కనిపించాయి గాని, నీళ్ళకన్న గుర్రపుడెక్కే ఎక్కువ. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు ఈ దారి మునిగి లంకలకు రాకపోకలు నిలిచిపోయిన సంగతి మీరు వినే ఉంటారు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు వంటివన్నీ వచ్చి ఇక్కడ పడవలసినవే. బయటికి పోవడానికి ఉప్పుటేరు ఒక్కటే, అది సుమారు 60 కిలోమీటర్లు పారి సముద్రములో కలుస్తుంది. వంతెన మీద నుండి చూస్తే దూరాన గూడబాతులు నీటి మీద తెల్లగా బారులు తీరి ఉన్నాయి. డ్రైవరుగారు మాకోసము కొంచెము నెమ్మదిగా పోనిచ్చారు.

బస్సు దిగి ఆటోలో గట్టు వెంబడి వెళ్ళాము. పంతులమ్మగారు వాకిట్లో నిలబడి ఉన్నారు. చిన్న మనిషి. నేత చీర, కళ్ళజోడుకు దారము. తన పేరు, ఊరి పేరు వ్రాయవద్దని మమ్మును కోరారు. పేర్లను గూర్చి అంతగా పట్టుబట్టే మనిషి తన పేరు వద్దనడము మాకు వింతగానే తోచింది. అయినా కోరిక మన్నిస్తున్నాము.

"ఎండలో వచ్చారు, ముందు కూర్చోండమ్మా. నీళ్ళు ఇస్తాను. ఇవి టిన్ను నీళ్ళేనండి, భయము లేదు. కొల్లేటి నీళ్ళు త్రాగే రోజులు ఎప్పుడో పోయాయి, మేము కూడ కొనుక్కునే త్రాగుతున్నాము" అన్నారు. మా చేతులలో సీసాలు చూచి అన్నారో, మామూలుగా అన్నారో తెలియదు.

భోజనములో మట్టగిడసల పులుసు పెట్టారు. తింటూ తన కథ చెప్పారు. తండ్రి లేరు. తల్లి గట్ల పనిలో మట్టి తట్టలు మోసిన మనిషి. పాదిరిగారి ప్రోద్బలముతో పిల్లను ఏలూరులో మిషను బోర్డింగులో చేర్చింది. అక్కడ వార్డెనమ్మగారు రాత్రులు కథలు చెప్పేవారట. బానిసగా పుట్టి, చదువుకొని, తన వారికి బడి కట్టిన బూకర్ వాషింగ్టన్ గారి కథ ఆమెకు ఇప్పటికీ జ్ఞాపకమే. ఆ మాట వినగానే లెక్చరరక్క ముద్ద చేతిలోనే పట్టుకొని ఆగిపోయారు. రైలులో మేము తేలికగా తీసుకున్న ఆ బడి పేరు కొల్లేటి లంకలో ఒక ముసలమ్మగారి నోట వినవలసి వచ్చింది. "ఆ పేరున్న బడిలో చదువుకున్న ఒకామె సంగతే దారి పొడుగునా చెప్పుకుంటూ వచ్చామండి" అన్నారు. పంతులమ్మగారు ఆమె కథంతా అడిగి చెప్పించుకున్నారు. ఇల్లు ఎరిగిన పంతులమ్మలు అన్న మాట దగ్గర తల ఊపారు. అమ్మమ్మ పేరు పెట్టుకున్న సంగతి దగ్గర ఏమీ అనలేదు. లేచి వెళ్ళి మజ్జిగ తెచ్చారు. అది వడ్డించి, కూర్చొని, ఎవరము అడగకుండానే చెప్పారు.

"నాకప్పుడు పదకొండేళ్ళండి. ఒక ఆదివారము మా అమ్మ బోర్డింగుకు వచ్చింది. పని మీదనుంచి అలాగే వచ్చేసింది, కాళ్ళనిండా మట్టి. చేతిలో ఎండు చేపల మూట. గేటు దగ్గర నా స్నేహితురాళ్ళు ఉన్నారు. ఎవరే ఆవిడ అని అడిగారు. మా ఊరి ఆవిడ, మా అమ్మ పంపింది అన్నాను. మా అమ్మ విన్నది. నా వైపు చూచి, అవునమ్మా, మీ అమ్మ ఇమ్మంది అని మూట నా చేతికిచ్చి వెళ్ళిపోయింది. నడిచే వచ్చిందండి, నడిచే వెళ్ళింది."

మేము ఎవరము మాట్లాడలేదు. ఆమె ట్రైనింగులో ఉండగానే తల్లి పోయారట. ఆ సంగతి మళ్ళీ ఎన్నడూ వారిద్దరి మధ్య రాలేదట.

ఉద్యోగము వచ్చి ఈ లంకలకు వచ్చినప్పుడు దారి లేదు. వర్షాకాలమంతా తాటిదోనె మీద రాకపోకలు. ఊరిలో అద్దెకు ఇల్లు ఇవ్వలేదు. బడి వరండాలోనే రెండేళ్ళు వండుకొని తిన్నారు. ఆమె కుండలో నీళ్ళు త్రాగవద్దని పిల్లలకు ఇంటి దగ్గర చెప్పి పంపేవారు. "అందుకు నాకు కోపము ఉండేది. ఆ కోపమంతా కర్రలోకి వచ్చేది. మొదటి పదేళ్ళు కర్రతోనే చెప్పానండి. పిల్లలు నా దగ్గర ఎక్కాలు నేర్చుకున్నారు గాని నన్ను చూస్తే దాక్కునేవారు." ఒకరోజు ఒక పిల్లవాడి తల్లి బడికి వచ్చింది. చేపలు పట్టే ఇంటి మనిషి. కాళ్ళనిండా బురద. ఆ పిల్లవాడు సిగ్గుపడి గోడవైపు తిరిగి నిలబడ్డాడు. ఆ క్షణమున తనకు బోర్డింగు గేటు కనిపించిందని పంతులమ్మగారు చెప్పారు. ఆ తల్లిని లోపలికి పిలిచి, తన కుర్చీలో కూర్చుండబెట్టి, మావు ఎలా అల్లుతారో పిల్లలకు చెప్పమని అడిగారు. ఆ తల్లి మొదట నవ్వింది, తరువాత గంటసేపు చెప్పింది. ఆ రోజునుండి ఆమె కుండ నీళ్ళ సంగతి మెల్లగా మరుగున పడింది. అది కొన్ని రోజులలో జరిగినది కాదు, కొన్ని సంవత్సరాలు పట్టిందని కూడ చెప్పారు.

కొల్లేరు 1999లో అభయారణ్యము అయింది, సుమారు 308 చదరపు కిలోమీటర్లు. 2002లో రామ్‌సార్ ఒప్పందము క్రింద అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది. 2006లో ప్రభుత్వమువారు సరస్సులోని చెరువుల గట్లను యంత్రాలతో తెగగొట్టించారు. పక్షులకు, నీటికి అది అవసరమేనని చెప్పేవారు ఉన్నారు. పెద్ద చెరువులు పెద్దవారివే అయినా పని పోయింది మాత్రము కూలివారికేనని చెప్పేవారు ఉన్నారు. రెండును నిజమేనని మాకు తోచింది. ఆ సంవత్సరము లంకలలో ఎన్నో కుటుంబాలు పనులు వెదుక్కుంటూ వెళ్ళాయి, పిల్లలు వారి వెంట వెళ్ళి తిరిగివచ్చి బడి మరచిపోయారు. అప్పటికి రిటైరై ఉన్న పంతులమ్మగారు తన వాకిట్లో చాప పరచి బడి మొదలుపెట్టారు.

నాలుగు గంటలకు పిల్లలు వచ్చారు. మేము లెక్కపెట్టాము, 31 మంది. శనివారము తల్లుల పాఠము ఉంటుందట. ఆ రోజు వంతు వచ్చిన ఆమె వల దారము తెచ్చుకొని కూర్చుంది. కన్ను ఎంత పెద్దదైతే ఏ చేప తప్పించుకుంటుందో, ఏ చేప చిక్కుతుందో చెప్పింది. పిల్లలు కొలబద్దలతో కన్ను కొలిచి నోటులో వ్రాసుకున్నారు. కొరమీను, జెల్ల, బొమ్మిడాయి అని పేర్లు పలకమీద వ్రాయించారు. బొమ్మిడాయికి డకారము దగ్గర ఇద్దరు తప్పు పోయారు. ఆ తల్లికి చదువు రాదు. అయినా పాఠము ఆమెదే, తప్పులు దిద్దడము మాత్రమే పంతులమ్మగారిది. ప్రతి పిల్ల ఇంటికి వెళ్ళి ఆ రోజు నేర్చుకున్నది ఒకటి అమ్మకు చెప్పాలి, అమ్మనో అమ్మమ్మనో అడిగి ఒకటి తెలుసుకొని వ్రాసి తేవాలి. అటువంటి నోటు పుస్తకాలు ఆమె బీరువాలో రెండు అరలనిండా ఉన్నాయి. ఒకటి తీసి చూచాము. కిక్కిస గడ్డితో పాక ఎలా కప్పేవారో, వరద వస్తే ముందు ఏ సామాను అటకెక్కించాలో, 1977 నవంబరు తుపాను రాత్రి అమ్మమ్మ ఎక్కడ దాక్కుందో, వంకర అక్షరాలతో వ్రాసి ఉన్నాయి.

హాజరు పట్టీ కూడ చూపించారు. ప్రతి పిల్ల పేరు ఎదుట తండ్రి పేరు కాదు, తల్లి పేరు ఉంది. "తండ్రి పేరు సర్కారు బడి రిజిష్టరులో ఉంటుంది లెండి. ఇక్కడ అమ్మ పేరు ఉండాలని నా పట్టుదల. మొదటి పేజీలో మొదటి వరుస చూడండమ్మా" అన్నారు. చూచాము. మొదటి వరుసలో విద్యార్థిని అని ఉన్నచోట పంతులమ్మగారి పేరే ఉంది. ఎదుట ఆమె తల్లి పేరు ఉంది.

పిల్లలు వెళ్ళిన తరువాత మా బడి సంగతి చెప్పాము. బిస్కట్ల సంగతి కూడ దాచలేదు. ఆమె శ్రద్ధగా విని, "మంచి పని పెట్టుకున్నారు. ఆ 23 మందిలో ఎంతమంది ఇళ్ళకు వెళ్ళారమ్మా?" అని అడిగారు.

మేము ఒకరి ముఖము ఒకరు చూచుకున్నాము. పిల్లలను పిలువనంపేవారము. బడి గది దగ్గర రిక్షా దిగి, అక్కడే ఎక్కి వచ్చేసేవారము. ఒక్క ఇంటి గడప కూడ తొక్కలేదు.

"ఆ పేటలో ఎవరింట్లోనైనా మంచినీళ్ళు త్రాగారా?"

ఇక్కడ మేము నిజము వ్రాయాలి. మాలో వేరువేరు కులాలనుండి వచ్చినవారము ఉన్నాము. సంఘములో ఒకే గిన్నెలో పాలుపొందుతాము. అయినా ఆ పేటకు వెళ్ళేరోజు మేము సీసాలలో నీళ్ళు పట్టుకొని వెళ్ళేవారము, నీళ్ళు పడవని ఒకరితో ఒకరము చెప్పుకునేవారము. ఆ పేటకు, మా ఇళ్ళకు నీళ్ళు వచ్చేది ఒకే మునిసిపాలిటీ ట్యాంకునుండి. మాలోనే ఒక అక్క అటువంటి పేటలో పుట్టి చదువుకొని ఉద్యోగము చేసినవారు. రైలులో, ఏలూరు వీధులలో, అప్పటివరకు ఆమె పెద్దగా మాట్లాడలేదు. ఆమె తలవంచుకొని, "నేను కూడ సీసా తీసుకెళ్ళాను పంతులమ్మగారూ. మీరందరూ తెచ్చుకుంటుంటే నేను తెచ్చుకోకపోతే ఏమనుకుంటారోనని" అన్నారు. నల్లపొద్దు పేరు నచ్చలేదన్న అక్క ఆమె చేయి పట్టుకొని ఏదో చెప్పబోయి ఆగిపోయారు.

పంతులమ్మగారు మమ్మును మందలించలేదు. "నాకు గేటునుంచి కుర్చీ దాకా రావడానికి ఎన్నేళ్ళు పట్టిందో చెప్పాను కదండి. మీకు తాడేపల్లిగూడెము ఎంతసేపు?" అని నవ్వి, ఆటోవానికి ఫోను చేయించారు. వెళ్ళేటప్పుడు ఎండు చేపలు ఒక్కొక్కరికి ఒక్కొక్క పొట్లము ఇచ్చారు.

తిరుగు బస్సులో ఎవరము ఎక్కువ మాట్లాడలేదు. చీకటిలో చెరువుల మీద దీపాలు కనిపించాయి. ఏలూరులో రైలు రెండు గంటలు ఆలస్యము. ప్లాట్‌ఫారము మీద కూర్చొని ఆ పేటలో పిల్లల పేర్లు జ్ఞాపకము చేసుకుందామని ప్రయత్నము చేశాము. ఐదుగురము కలిసి పన్నెండు పేర్లు చెప్పగలిగాము. తల్లుల పేర్లు ఒక్కటి.

తరువాతి గురువారము మార్కెట్టు నుండి తల్లులు వచ్చే వేళకు సీసాలు లేకుండ పేటకు వెళ్ళాము. మొదటి ఇంట్లో పీట వేసి, స్టీలు గ్లాసుతో నీళ్ళు ఇచ్చారు. త్రాగాము. ఆమె పేరు అడిగి వ్రాసుకుంటుంటే, "నా పేరు దేనికండి, దాని తండ్రి పేరు రాసుకోండి" అన్నది. కాదు, మీదే కావాలని చెప్పాము. ఉల్లిపాయలు ఎలా ఏరుతారో, ఏది నిలువ ఉంటుందో ఏది కుళ్ళుతుందో చేతితో పట్టుకొని ఎలా చెప్తారో ఒక శనివారము వచ్చి పిల్లలకు చెప్పగలరా అని అడిగాము. ఆలోచిస్తానన్నది. రెండవ ఇంట్లో జ్వరము. మూడవ ఇంటివారు, ఇన్నాళ్ళు లేనిది ఇప్పుడు ఎందుకు వచ్చారని వాకిట్లోనే నిలబెట్టి అడిగారు. వారి ప్రశ్నకు మేము తడబడుతూ ఏదో చెప్పాము. నాలుగవ ఇంటికి తాళము. ఆ సాయంత్రము అంతటితో పొద్దుపోయింది. పట్టీలో మూడు పేర్లు చేరాయి. కమిటీవారు తీర్మానమును ఈస్టరు వరకు వాయిదా వేశారు. ఇంకా పందొమ్మిది ఇళ్ళు ఉన్నాయి.